మడతలున్నన్ని రోజులు

నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కి, గోపాల్‌పేట మీదుగా వనపర్తిలో దిగి, మా మనవరాలు మొన్న ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చింది. తోడుగా వాళ్ళమ్మ వచ్చి, ఒక పూట ఉండి, దవాఖానలో డ్యూటీ ఉందని సాయంత్రానికే తిరుగు బస్సు పట్టుకుంది. మా అమ్మాయి అక్కడ నర్సు. పిల్ల పేరు హన్విక. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పిలవలేక పిలవలేక నేను దాన్ని హన్నూ దగ్గర ఆపేశాను. పన్నెండేళ్ళు నిండాయి. కాళ్ళూ చేతులూ సాగిపోయి, కూర్చుంటే మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వయసు. వచ్చిన మర్నాడే సంచిలోంచి మూడు మీటర్ల నూలు బట్ట తీసి మంచం మీద పరిచి, "అమ్మమ్మా, నాకు కుట్టుడు నేర్పియ్యి. ఈ సెలవుల్ల నా లంగా నేనే కుట్టుకోవాలె" అంది. ఎవరు చెప్పారే అంటే ఎవరూ చెప్పలేదట, ఫోనులో చూసిందట, చాలా సులువేనట. ఫోనులో అన్నీ సులువుగానే ఉంటాయి. అందులో కొండెక్కడం కూడా రెండు నిమిషాల పనే.

సరే అని కాలితో తొక్కే మా పాత మిషనుకు దుమ్ము దులిపి, నూనె వేసి, కిటికీ దగ్గరికి జరిపాను. వార్తలు వినపడవని మా ఆయన కుర్చీ తీసుకుని వరండాలోకి వలస పోయారు. పిల్ల నడుం కొలిచింది, పొడుగు కొలిచింది, ఫోను చూసి లెక్క వేసింది, బట్ట మీద సుద్దతో గీత గీసి కత్తెర పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నాకు ఏమైందో, ఆ కత్తెర చేతిలోంచి తీసుకుని, అంచున చిన్న గాటు పెట్టి, బట్టను రెండు చేతులతో పట్టి సర్రున చింపేశాను. హన్నూ నోరు తెరుచుకుని చూసింది.

"చింపినవ్ ఏంది అమ్మమ్మా. కొత్త బట్ట."

"చూడు, ఎంత తిన్నగ వచ్చిందో. చింపితే పోగు వెంటే పోతది. కత్తెర దాని ఇష్టమొచ్చిన దిక్కు పోతది."

ఆ మాట నాది కాదు, మా తాతదని పిల్లకు చెప్పాను. యాభై ఏళ్ళకు పైగా నా నోటికి రాని మాట, చేతులు కదలగానే దానంతట అదే వచ్చింది. తాత ఎవరు, కత్తెర ఎందుకు వద్దంటాడు అని పిల్ల అడగడం మొదలుపెట్టింది. మొదటి రోజు కొంచెం చెప్పి తప్పించుకుందామనుకున్నాను. కానీ పక్కపక్కన కూర్చుని సూదీ దారం పట్టుకున్నప్పుడు మాట ఆపడం ఎవరి వల్లా కాదు. లంగా కుట్టడానికి మాకు నాలుగు రోజులు పట్టింది, నేను చెప్పడానికీ నాలుగు రోజులే పట్టింది.

మాది గద్వాల. కోట అవతల మగ్గాల వాడలో మూడు గదుల ఇల్లు. వాకిలి దాటి లోపలికి వస్తే మొదటి గదిలోనే గుంటమగ్గం. నేలలో నడుం లోతు గుంట తవ్వి, అంచు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి నేసే మగ్గం అది. మా తాత తెల్లారి మసక వెలుతురులో అందులో దిగితే అన్నానికి లేచేవాడు, మళ్ళీ దిగితే దీపం పెట్టే వేళకు లేచేవాడు. బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా ఆయన పక్క నుంచే దారి. ఆయన కూర్చున్న ఎత్తుకు కళ్ళ ముందు కనిపించేవి పాదాలూ, పాదాల మీద బట్ట అంచులూ మాత్రమే. మెడ ఎత్తితే పోగు తప్పుతుందని ఎత్తేవాడు కాదు. వచ్చింది ఎవరో అంచును బట్టే చెప్పేవాడు. "ఏమయ్యా, కొత్త ధోతి కట్టినవ్" అని ముఖం చూడకుండానే పలకరించేవాడు. నేను పెరుగుతున్నానో లేదో ఆయనకు తెలిసింది కూడా నా లంగా అంచును బట్టే.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పడుగుకు పట్టించిన గంజి వాసన, తడి నూలు వాసన, పక్క గదిలో జొన్నరొట్టె మాడిన వాసన, పట్టు కండెల నుంచి వచ్చే ఒక రకమైన వగరు వాసన. మా అమ్మానాన్నలు నాకు తొమ్మిదేళ్ళప్పుడే షోలాపూర్ మిల్లుల్లో పనికి పోయారు. చీరలు అమ్ముడుపోని రోజులవి, రెండు మగ్గాల మీద నలుగురు పెద్దవాళ్ళు బతకలేరని. నాన్న మగ్గం మీద గోనెసంచి కప్పి పోయాడు. నన్ను తాతకూ అవ్వకూ వదిలిపెట్టారు. అవ్వ అంటే మా నాన్న వాళ్ళమ్మ. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ నోట్లో ఆకూ వక్కా. రవిక భుజం మీద దారం ఎక్కించిన సూది ఒకటి పగలూ రాత్రీ గుచ్చి ఉండేది. నేను పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటే ముందు ఆ భుజాన్ని వెనక్కి జరిపి, తర్వాత దగ్గరికి తీసుకునేది. తాతతో ఆమె నేరుగా మాట్లాడడం నేను వినలేదు. ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పేది, నేను లేకపోతే గుంజకు చెప్పేది. "అన్సూ, బియ్యం ఒడిసినయని ఇంట్ల ఎవలకన్న ఎర్కనా?" అనేది. మగ్గంలోంచి తాత జవాబు చెప్పేవాడు. నా పేరు అనసూయ, ఆ ఇంట్లో అన్సూ.

ఐదో తరగతి పాసైన ఎండాకాలం ఇంట్లో ఒక పంచాయతీ జరిగింది. నన్ను హైస్కూలుకు పంపాలా వద్దా అని. ఆ పెద్దబడి ఊరికి ఆ చివర ఉంది. తాత పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె ఆపకుండానే తేల్చేశాడు.

"ఐదు సదివింది, సాలు. ఉత్తరం సదవనీకె వచ్చె, రాయనీకె వచ్చె. ఇంక కండెలు ఎవలు సుట్టాలె? కొడుకు లేకపాయె, కోడలు లేకపాయె. నీ ఒక్కదాని చేత అయితదా?"

ఆయన మాటలో తప్పు లేదని ఇప్పుడు తెలుసు. నేసేవాడికి నూలు కండెలు చుట్టి అందించే చేతులు కావాలి, అవి లేకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అప్పుడు మాత్రం నేను గడప మీద కూర్చుని ఏడ్చాను. అవ్వ గుంజ వైపు తిరిగింది.

"పిల్ల ఇంకా మడతల లంగా ఏసుకునే ఈడే. ఓణీ ఏసే ఈడు రాలేదు. గప్పుడే ఇంట్ల కూసోబెడ్తే వాడోళ్ళు ఏమంటరు? ఐదేండ్లే గద పెద్దబడి."

నాడె రెండుసార్లు అటూ ఇటూ పోయింది. తర్వాత తాత అన్నాడు: "సరే. లంగాకు మడతలు ఉన్నన్ని దినాలు పోనీ. ఆఖరు మడత ఇప్పిన్నాడు బడి బందు. నా మాట ఇదే."

మడతల లంగా అంటే ఏమిటో హన్నూకు విప్పి చెప్పవలసి వచ్చింది. అప్పట్లో ఎదిగే పిల్లకు ఏటా కొత్త లంగా ఎవరు కుట్టిస్తారు? బట్ట పొడుగంతా ఉంచి, అంచుకు కొంచెం పైన అడ్డంగా మడతలు వేసి కుట్టేవాళ్ళు. పిల్ల పొడుగైనప్పుడల్లా ఒక మడత విప్పితే లంగా కిందికి దిగుతుంది. మడత విప్పిన చోట వెలవని రంగు ఒక చారలా మిగిలిపోతుంది. ఆ చారలు లెక్కపెట్టి ఇది ఎన్నేళ్ళ లంగానో ఎవరైనా చెప్పొచ్చు. మడతలు అయిపోయాయంటే పిల్ల పెద్దదైనట్టే, ఓణీ వేసి ఇంట్లో పెట్టేవాళ్ళు.

నా బడి లంగా బట్ట తాతే నేశాడు. నేరేడు పండు రంగు, అంచుకు సన్నని ఆకుపచ్చ గీత. కానీ చిన్న మగ్గం మీద నేసింది కాబట్టి పన్నా రెండు మూరలే, అంటే బట్ట వెడల్పే లంగా పొడుగు, దాన్ని పెంచడానికి లేదు. అవ్వ నా నడుం నుంచి చీలమండ దాకా జానలు వేసి చూసి, మడిచి చూసి, విప్పి చూసి, మూడు మడతల కంటే ఎక్కువ పడవని తేల్చింది. బడి ఐదేళ్ళు, మడతలు మూడు. అవ్వ ఆకు నములుతూ చాలా సేపు ఆ బట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ లంగా మేమిద్దరం కలిసి కుట్టాం. అవ్వ దగ్గర కుట్టడం ఒక పద్ధతిలో జరిగేది. బట్టను ఇద్దరి మధ్యా పరిచి, ఆమె ఒక చివర నుంచి, నేను ఇంకో చివర నుంచి మొదలుపెట్టి, కుట్టుకుంటూ కుట్టుకుంటూ మధ్యలో కలుసుకోవాలి. మొదట్లో ఆమె మూడు వంతులు వచ్చేసరికి నేను ఒక వంతు కూడా వచ్చేదాన్ని కాదు. పోటీ పడి, తొందరలో కుట్లు దూరం దూరం వేసేదాన్ని. "అన్సూ, నీ కుట్ల నడుమ ఎడ్లబండి పోతది" అనేది అవ్వ. విప్పించి మళ్ళీ వేయించేది కాదు మాత్రం. ఆమెకు నా ముఖం చిన్నబోవడం ఇష్టం ఉండేది కాదు, దాని ఫలితం తర్వాత ఇద్దరం అనుభవించాం.

ఆరో తరగతి అయ్యాక ఒక మడత విప్పాం. అది న్యాయమే. ఏడో తరగతి సగంలో రెండోది విప్పవలసి వచ్చింది. ఆ ఏడు నేను ఎంత పొడుగు పెరిగానంటే, జొన్నచేను లాగా పెరుగుతోందని వాడలో వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే లేచి గోడకు ఆనుకుని నిలబడి, నిన్నటి బొగ్గు గీత కంటే పైకి వచ్చానా అని చూసుకునేదాన్ని. పెరగకుండా ఉండడానికి ఏం చేయాలని మా క్లాసు పిల్లల్ని అడిగాను. ఒకమ్మాయి నెత్తి మీద బరువు మోయమంది. వారం రోజులు అవసరం లేకపోయినా నిండు బిందెలు మోశాను. "అరే, నిజంగ మోసినవా?" అని హన్నూ పగలబడి నవ్వింది. నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.

ఎనిమిది మొదలయ్యేసరికి ఒక్క మడత మిగిలింది. బడికి పోతూ మగ్గం పక్క నుంచి నడుస్తుంటే తాత అన్నాడు, "అన్సూ, ఒక్కటే ఉంది మడత. లంగా గూడ పొట్టిగ అయితున్నది." ఆ రోజు బడిలో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

సాయంత్రం తాత నూలు తేవడానికి బజారుకు పోయినప్పుడు అవ్వ నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక మెరూన్ రంగు చీర తీసి, దాని కొంగు వైపు నుంచి ఒక జానెడు పీలిక చింపింది. ఎందుకవ్వా అంటే, "సప్పుడు జెయ్యకు" అంది. లంగా నాడా విప్పి, నడుం దగ్గర పట్టీకీ బట్టకూ మధ్య ఆ పీలికను రెట్టింపు మడిచి పెట్టింది. ఆమె ఒక చివర, నేను ఒక చివర. నడుం దగ్గర అతుకు పెడితే లంగా కిందికి దిగుతుంది, అంచు దగ్గర మడత మాత్రం అట్లాగే ఉంటుంది. పైన అతుకును వదులు జాకెట్టు కప్పేస్తుంది. మగ్గంలో కూర్చున్న మనిషికి కింది అంచు తప్ప పైది కనబడదు గదా. ఆ ఉపాయం తట్టినందుకు అవ్వ ముఖంలో ఒక దొంగ నవ్వు చూశాను. అప్పటిదాకా ఆమె అట్లా నవ్వగలదని నాకు తెలియదు.

నువ్వెందుకు ఇంత చేస్తున్నావని అడిగాను. అవ్వకు అక్షరం ముక్క రాదు. బడి అంటే ఆమెకు పెద్ద భక్తి కూడా ఏమీ లేదు. షోలాపూర్ నుంచి నెలకో రెండు నెలలకో వచ్చే నీలి కవరు ఉత్తరాన్ని నేను చదివితే ఆమె వినేది. చదివిందే మూడుసార్లు చదివించుకునేది.

"ఐదో తరగతిల నువ్వు సదివితే మాటలు ఇనపడుతుండె" అంది. "ఇప్పుడు నువ్వు సదువుతుంటే నా కొడుకు మాట్లాడినట్టే ఉంటది. ఇంకా సదివితే ఎట్లుంటదో సూద్దామని."

నాకు చదువు మీద ఇష్టం బడిలో కలగలేదు. ఆ మాట దగ్గర కలిగింది.

తొమ్మిదో తరగతికి ఇంకో పీలిక అతికాం. అంచు మీద ఒక్క మడత అట్లాగే ఉంది. "ఈ పిల్ల పెరుగుడు ఆపినట్టుంది" అని తాత ఒకసారి అన్నాడు. అవ్వ గుంజతో, "అందరు ఒక్క తీరుగ పెరుగుతరా" అంది. అంత అమాయకంగా ఆమె అబద్ధం ఆడడం చూసి నాకు భయం కూడా వేసింది.

ఒకరోజు పొద్దున నీళ్ళ బిందె చంకన పెట్టుకుని మగ్గం పక్క నుంచి లోపలికి వస్తున్నాను. నడుం దగ్గర పట్ మని చిన్న చప్పుడైంది. నేను కుట్టిన సగం ఉంది చూశారా, ఎడ్లబండి పోయేంత దూరం కుట్లు, అది మొత్తం ఊడిపోయింది. అవ్వ కుట్టిన సగం పట్టుకుని ఉంది, నా సగం జారింది. లంగా ఒక పక్క నేల మీదికి దిగి, తాత కళ్ళ ముందే మట్టిలో ఈడ్చుకుంటూ పోయింది. నేను బిందె ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడిపోయాను. నాడె ఆగింది. మా ఇంట్లో నాడె ఆగితే మిగతా అన్ని చప్పుళ్ళూ పెద్దగా వినపడేవి. తాత నా పాదాల వైపే చూస్తున్నాడు. నేలకు తాకుతున్న అంచూ, ఆ అంచు పైన విప్పని మడతా.

"మడత ఇప్పకుండ లంగా ఎట్ల పెరిగింది?" అన్నాడు.

వంటింట్లోంచి అవ్వ వచ్చి గడపలో నిలబడింది. తాత గుంటలోంచి కాళ్ళు బయటికి తీసి, లేచి నిలబడి, "ఆ లంగా ఇటు తే" అన్నాడు. లోపలికి పోయి అవ్వ పాత చీర ఒకటి చుట్టుకుని, లంగా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. రేపటి నుంచి బడి లేదని అప్పటికే నిశ్చయమైపోయింది. పుస్తకాలు ఎవరికి ఇవ్వాలా అని కూడా అనుకున్నట్టు గుర్తు.

తాత లంగాను వెలుతురులోకి తీసుకుపోయి తిరగేశాడు. నడుం దగ్గర రెండు మెరూన్ పట్టీలు. ఒకదాని మీద వేలు పెట్టి కుట్టు వెంట పోయాడు.

"ఇది ఎవల కుట్టు?"

"నాది" అంది అవ్వ. "నాది" అన్నాను నేను.

"ఇద్దరిది. ఈడిదాక ఒకరు, ఈడికెల్లి ఇంకొకరు." తర్వాత ఆ మెరూన్ గుడ్డను బొటనవేలితో రుద్ది చూశాడు. నేసినవాడికి తన బట్ట తెలియకుండా ఉంటుందా? మా నాన్న పుట్టినప్పుడు అవ్వ కోసం ఆయన నేసిన చీర అది. పగలంతా అమ్మే చీరలు నేసి, మిగిలిన పొద్దులో కొంచెం కొంచెంగా నేసినదట. పండగలకు కూడా కట్టకుండా పెట్టె అడుగున దాచుకున్న చీర. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ క్షణం నాకు కనిపించింది మాత్రం, తాత మొదటిసారి అవ్వ వైపు నేరుగా తిరిగి మాట్లాడడం.

"ఈ చీరె చింపినవా?"

అవ్వ గుంజ వైపు చూడలేదు. ఆయన ముఖంలోకే చూసి, "చింపిన" అంది.

"నన్ను అడిగితే లంగా రంగుదే ఇంకింత నేసియ్యకపోదునా?"

"బడి బందు జెయ్యకపోదువా?"

తాత గడప మీద కూర్చున్నాడు. అవ్వ భుజం మీద ఉన్న సూది అడిగి తీసుకుని, దాని మొనతో అంచు పైన మిగిలిన ఆ ఒక్క మడతను కుట్టు కుట్టుగా విప్పడం మొదలుపెట్టాడు. ఆఖరు మడత. మడత విచ్చుకుంటే లోపల నేరేడు రంగు మగ్గం మీంచి అప్పుడే తీసినట్టు నిగనిగలాడింది. చుట్టూ ఉన్నదంతా నాలుగేళ్ళ ఎండకు వెలిసిపోయి ఉంది. తాత దాన్ని నా నడుం దగ్గర పట్టి చూశాడు. పైన రెండు అతుకులు, కింద విప్పిన మడత, లంగా నా పాదాల మీద పడి కుప్పగా ఇంకా నాలుగు వేళ్ళ బట్ట నేల మీద ఉంది.

"మళ్ళ మడువు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అవ్వకు ముందు అర్థమైంది. వచ్చి కూర్చుని, అంచు పైన మునుపటి లాగానే వెడల్పుగా మడత పెట్టింది. తాత తల అడ్డంగా ఊపాడు. "గంత వెడల్పు ఎందుకు? సన్నగ మడువు. గోరంత." ఆయనే బట్ట తీసుకుని, గోటితో గీత పెట్టి, ఒక మడత మడిచాడు. దాని పైన ఇంకొకటి మడిచాడు. రెండూ బెత్తెడు దూరంలో చక్కగా నిలబడ్డాయి. వాటి మీద వేలు పెట్టి ఒకటి, రెండు అన్నాడు.

"పది ఎప్పటికి అయితది?"

"ఈ ఏడు, వచ్చే ఏడు" అన్నాను.

"అయితే మడతలు ఉన్నయి గద. పో. నా మాట నేను తప్ప." లేచి మగ్గం దగ్గరికి పోతూ ఆగి, ఊడిన నా కుట్టు చూపించాడు. "ఇది మాత్రం ఇప్పి మళ్ళ కుట్టు. దగ్గర దగ్గర. ఆడపిల్ల కుట్టు నడిబజార్ల ఊడితే ఎవలకు సిగ్గు?" అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు బడికి ఆలస్యంగా పోయి, బయట నిలబడి, లోపలికి రానిచ్చాక కూడా నవ్వు ఆపుకోలేక మళ్ళీ తిట్లు తిన్నాను.

పది పాసయ్యాను. టీచరు ట్రైనింగు, పెద్దమందడి బడిలో మొదటి ఉద్యోగం, వనపర్తిలో ఇల్లు, ఈ నాలుగు అక్షరాలు రాసే అలవాటు, అన్నీ ఆ గోరంత మడతల్లోంచే వచ్చాయి. తాత ఆ తర్వాత కూడా చదువు గురించి ఒక మంచి మాట అన్నవాడు కాదు. కండెలు మాత్రం నేను బడికి పోయేలోపు చుట్టినన్ని చాలులే అనేవాడు. మిగిలినవి ఆయనే పొద్దుగూకాక రాట్నం ముందు కూర్చుని చుట్టుకునేవాడు. మగవాడు రాట్నం ముందు కూర్చుంటే వాడలో నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఆయన మంచివాడా, మొండివాడా అని హన్నూ అడిగింది. రెండూ అన్నాను. అంతకంటే సరైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ రోజులే బాగుండేవని నేను అనను. పెరుగుతున్నందుకు భయపడి బిందెలు మోసిన పిల్ల ఎట్లా అంటుంది? ఇప్పుడు గద్వాల పోతే ఆ వాడలో మగ్గాలు తగ్గాయి, ఉన్నవాటి మీద మాత్రం మంచి చీరలు నేస్తున్నారు. నేసే ఇళ్ళల్లో ఆడపిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు. నాకు పోయినవాటి మీద బెంగ ఉంది గానీ, ఒక అవ్వా ఒక పిల్లా తలుపు మూసుకుని దొంగతనంగా అతుకు వేసుకోవలసిన అవసరం పోయినందుకు బెంగ లేదు. ఇట్లా తలుపు తీసిపెట్టి కుట్టుకునే రోజు అవ్వ చూసి ఉంటే బాగుండేదని మాత్రం నాలుగు రోజులూ అనిపిస్తూనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి లంగా దాదాపు అయిపోయింది. కుచ్చెళ్ళు నేను సర్ది ఇస్తే మిషను తనే తొక్కింది. మొదట్లో వంకరపోయినా చివరికి వచ్చేసరికి గీత తిన్నగా పడింది. ఇక కింద అంచు మడిచి కుట్టడమే మిగిలింది. నేను అలవాటు ప్రకారం నాలుగు వేళ్ళ బట్ట లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చడం మొదలుపెట్టాను. హన్నూ చూసి నా చెయ్యి పట్టుకుంది.

"గంత ఎందుకు అమ్మమ్మా, లోపల?"

"పెరుగుతవ్ గదా. వచ్చే ఏడు ఇప్పుకోవచ్చు."

నాలుగు రోజులుగా కథ విన్న పిల్ల అది. గుండుసూదులు ఒకటొకటిగా పీకి డబ్బాలో వేసింది. తర్వాత చాలా మామూలుగా, అన్నం పెట్టు అన్నంత మామూలుగా అంది:

"పెరిగితే ఇంకోటి కుట్టుకుంట. కుట్టుడు వచ్చె గద ఇప్పుడు."

పెరగడం దాచుకోవలసిన పని అని గానీ, ఎవరినో ఒప్పించవలసిన పని అని గానీ ఆ పిల్లకు తోచనే లేదు. కథ విని జాలి పడిందే తప్ప, అది తన మీదికి వచ్చే విషయం అనుకోలేదు. దాని ముఖం చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి బాధవి కావు. "అట్లనే, ఇంకోటి కుట్టుకో" అన్నాను. ఆ మాట నా నోటితో అంటుంటే, మా ఇంట్లో ఒక ఆడపిల్ల ఎవరూ లెక్కపెట్టకుండా పెరుగుతోందని తెలిసి చాలా సంతోషమైంది. వేలెడంత మాత్రం మడిచి కుట్టేశాం. లంగా దాని చీలమండల మీదికి సరిగ్గా వచ్చింది, ఈ ఏటికి సరిపోయేంత.